అత్తమ్మ కంటికి తగిన వెలుతురు

మిరపకాయల అడ్తి నడిపే ఇంట్లో ఎవరికీ ముక్కు ఉండదు. ఉంటుంది గాని పనిచేయదు. వరంగల్లులో మా అత్తవారిది అటువంటి ఇల్లు. ముందు బజారు వైపు దుకాణం, నడుమ మేము ఉండే గదులు, పక్కన మిరప బస్తాలు నింపే కొట్టు, వెనుక పొడవాటి పెరడు. రైతుల బండ్లు దిగిన రోజు చుట్టాలెవరైనా వస్తే కళ్ళు తుడుచుకుంటూ, తుమ్ముకుంటూ గడప దాటేవారు. మాకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. వర్ధన్నపేట నుంచి కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో నేను అన్నం కలుపుకుంటూ కూడా తుమ్మేదాన్ని. మా అత్తమ్మ నవ్వి, "ఏడాది తిరిగేసరికి నీ ముక్కు సచ్చిపోతది బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నది. ఆమె చెప్పినట్టే అయింది. హాయిగా ఊపిరి తీసుకోగలిగిన రోజున దేవుడికి దండం పెట్టుకున్నాను. అలా ముక్కు చచ్చిపోవడం వల్ల ఎంత ముప్పు రాగలదో ఒక కార్తీక మాసంలో గాని తెలిసిరాలేదు.

అవి లడాయి రోజులు. యుద్ధం ఎక్కడో జరుగుతున్నదని మగవాళ్ళు దుకాణంలో చెప్పుకునేవారు. ఆడవాళ్ళకు మాత్రం అది గ్యాసునూనె దొరక్కపోవడంగానే తెలిసింది. కందీలులో నూనె పోసేటప్పుడు ఒక్క చుక్క కింద పడితే పెద్దకోడలు, అంటే మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే ఆమె, ఆ చుక్కను వేలితో తీసి మళ్ళీ లోపలికి రాల్చేది. మా బజారుకు కరెంటు తీగలు ఇంకా రాలేదు. పొద్దు గూకితే పెరడంతా చీకటే.

నేను ఆ ఇంటికి రాకముందే అత్తమ్మ లక్షవత్తుల నోము పట్టింది. తన చేత్తో లక్ష వత్తులు చేసి, అవి పూర్తయిన ఏడు కార్తీకంలో తులసి కోట ముందు అన్నిటినీ ఆవునేతిలో వెలిగించి, అయినవాళ్ళకు భోజనం పెట్టాలి. మధ్యాహ్నం అందరి భోజనాలయ్యాక వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని కూర్చునేది. మా నాయన నాకు ఇంట్లోనే ఇసుక పళ్ళెంలో అక్షరాలు దిద్దించాడు కాబట్టి, నేను పక్కన కూర్చుని పురాణం చదివేదాన్ని. నా చదువుకు ఆ ఇంట్లో దొరికిన పని అది. అంత మంచి పని మరెవరికైనా దొరికి ఉంటుందని అనుకోను.

అత్తమ్మకు ఒక కన్ను చిన్నప్పుడే, అమ్మవారు పోసినప్పుడు పోయింది. మిగిలిన కంటికి పొర కమ్మడం మొదలైంది. మొదట బియ్యంలో రాళ్ళు కనబడలేదు. తర్వాత మా ముఖాలు కనబడలేదు. గొంతును బట్టి, గాజుల చప్పుడును బట్టి మమ్మల్ని గుర్తుపట్టేది. అయినా వత్తులు ఆపలేదు. వేళ్ళకు కళ్ళున్నట్టు అంతకుముందుకన్నా సన్నగా చేసేది. అలా చీకట్లోనే లక్ష పూర్తి చేసింది.

ఆ తర్వాత మామగారు ఆమెను రైల్లో పట్నం దవాఖానకు తీసుకుపోయి పొర తీయించారు. కోత అయ్యాక తల కదలకుండా అటూ ఇటూ ఇసుక మూటలు పెట్టి పడుకోబెట్టారట. ఇంటికి వచ్చి, "ఇసుకల తల వెట్టి పండవెట్టిండ్రు బిడ్డా, నా సుట్టు గోడ కడ్తాన్రనుకున్న" అని చెప్పి మమ్మల్ని నవ్వించింది. తను మాత్రం నవ్వలేదు. గట్టిగా నవ్వకూడదు. డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. దగ్గకూడదు, తుమ్మకూడదు, వంగకూడదు, కన్ను నలపకూడదు. పొగ, ఎండ, కళ్ళు చెదిరే వెలుతురు తగలకూడదు. కోసిన చోటు గట్టిపడేదాకా ఒక్క గట్టి తుమ్ము చాలు, కన్ను పోవడానికి. ఆ తర్వాత కళ్ళద్దాలిస్తాడు. ఈలోగా కంటిమీద ఆకుపచ్చ గుడ్డ వేలాడదీసుకుని ఉండాలి.

అంతలో కార్తీకం వచ్చింది.

"వచ్చే ఏడు తీర్చుకుందాం తియ్" అన్నారు మామగారు.

"వచ్చే ఏడు నేనుంటనో, ఈ కన్ను ఉంటదో. నా వత్తులు ఎలిగేది నేను సూడాలె. మీరు ఎలిగించి నాకు చెప్పుడు గాదు" అన్నది అత్తమ్మ.

మామగారు మళ్ళీ పట్నం పోయి డాక్టరును అడిగి వచ్చారు. దూరం నుంచి, పొగ తగలకుండా, మంట కళ్ళల్లోకి కొట్టకుండా అయితే గుడ్డ ఎత్తి కాసేపు చూడవచ్చునన్నాడట. ఆ మాటకు అత్తమ్మ చేతులు జోడించిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

మామగారికి ఆర్భాటం ఇష్టం. డాక్టరు చెప్పిన మూడు షరతులూ పోయి, 'చూడవచ్చు' అన్న మాటే ఆయన చెవిన పడింది. పెరడు నాలుగు మూలలా పెండ్లిళ్ళకు పెట్టే గ్యాసు బత్తీలు పెట్టిస్తానన్నారు. "నా ఇంటామె నోము తీరుతాందని బజారంత తెల్వాలె" అన్నారు. ముందు రోజు సాయంత్రమే బత్తీలవాడు ఒకటి తెచ్చి చూపించాడు. పంపు కొట్టి ముట్టించగానే అది బుస్సుమంటూ లేచింది. పెరడంతా పట్టపగలైపోయింది. బావి గిలక మీది చిలుము కూడా కనబడింది. లోపలి గదిలో మంచం మీద ఉన్న అత్తమ్మ "అబ్బా" అని ముఖం గోడ వైపు తిప్పుకుని చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

మామగారే ఉరికిపోయి దాని చెవి తిప్పి ఆర్పేశారు. "తీస్కపో దీన్ని. నా ఇంట్ల దీనికి జాగ లేదు" అన్నారు. బత్తీలవాడు పోయాక చీకట్లో కాసేపు నిలబడి నన్ను పిలిచారు.

"సదువుకున్నదానివి గద బిడ్డా, జర ఉపాయం సూడు. ఆమెకు కనవడాలె. కన్ను బాగుండాలె. ఇగ బువ్వ తినెటోళ్ళకు ఇస్తరాకు గూడ కనవడాలె."

నేను చదివిన పురాణంలో పెరటి దీపాల సంగతి ఏమీ లేదు. అయినా పెద్దాయన అంత నమ్మకంతో అడిగితే లేదని ఎలా అనను? దేవుణ్ణి తలుచుకుని అక్కను తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. అత్తమ్మ కూర్చోబోయే వెనుక అరుగు మీద అక్కను కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకోమని, రెండో కంటిమీద ఆకుపచ్చ గుడ్డ కప్పి, నేను కందీలు పట్టుకుని పెరడంతా తిరిగాను.

"కండ్లున్నదాన్ని గుడ్డిదాన్ని చేస్తివి గదనే" అన్నది అక్క.

"ఇక్కడ పెడితే గుచ్చుకుంటాందా?"

"గుచ్చుకుంటాంది. జర పక్కకు పో. ఇంక జర. ఆఁ, గిప్పుడు మంచిగుంది. అరే, నువ్వేడ వోయినవే?"

నేను పెరటి పొయ్యి దగ్గర నిలబెట్టి ఉన్న చాట వెనుకకు కందీలు జరిపాను, అంతే. చాట అడ్డం రాగానే మంట కనబడలేదు. అయినా నేల మీద, గోడ మీద వెలుతురు చల్లగా పరుచుకున్నది. అప్పుడు నాకు దారి దొరికింది. పెరట్లో ఎన్ని దీపాలున్నా సరే, అరుగు మీద కూర్చున్న మనిషికి ఒక్క మంట కూడా నేరుగా కనబడకూడదు. వెలుతురు దేనిమీదనో పడి అక్కడి నుంచి రావాలి.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాము. భోజనాల వరుసల పైన తాడు కట్టి కందీళ్ళు కిందికి వేలాడదీసి, అరుగు వైపు ఒక్కొక్క దానికి ఒక చాట అడ్డం కట్టాము. చాటల లోపల సున్నం పూయడంతో వెలుతురంతా ఇస్తరాకుల మీదికే దిగింది. ఉత్తరం గోడ పొడవునా మామగారి పాత తెల్ల ధోవతులు కట్టి, వాటి వెనుక ఆముదం దీపాలు పెట్టాము. ఆముదం దీపం మెల్లగా, కదలకుండా కాలుతుంది. ధోవతి అడ్డం ఉంటే వెన్నెల పడినట్టు ఉంటుంది. కాళ్ళు కడుక్కునే చోటికి ఓటి కుండలకు మేకుతో చిల్లులు పొడిచి, లోపల చిన్న దీపాలు పెట్టి బోర్లించాము. చుట్టూ నేల మీద చుక్కలు చుక్కలుగా వెలుగు పడింది. ఇంకా చీకటిగా మిగిలిన దారికి రెండు పక్కలా వెడల్పుగా సున్నపు ముగ్గు గీశాము. మసక వెలుతురులో ముగ్గు తెల్లగా మెరిసి, అడుగు ఎక్కడ వేయాలో అదే చెబుతుంది. ముసలివాళ్ళు కూడా తడుముకోకుండా నడుస్తారు.

నోము వత్తుల సంగతి మిగిలింది. వాడుక ప్రకారం అన్నిటినీ ఒక పెద్ద పాత్రలో నేతిలో ముంచి ఒక్కసారి వెలిగిస్తారు. అది చిన్నపాటి చితిలా మండుతుంది. కట్టలు విప్పి దీపంతల్లో, అంటే మట్టి ప్రమిదల్లో సర్ది, పడమటి గోడ మీద, బావి గట్టు మీద దూరదూరంగా పెట్టవచ్చునా అని పంతులును అడిగాను.

"వెట్టుండ్రి. దేవుడు ఒక్క గంగాళంలనే సూస్తడా అమ్మా" అన్నాడు ఆయన. పంతులు వెళ్ళేదాకా ఆగి, ఆయనకు దిష్టి తీస్తున్నట్టు మెటికలు విరిచాను.

మధ్యాహ్నం దాటింది. అంతా కుదిరింది. అయినా నా మనసు నిలవలేదు. దీపాలు పెట్టే చోటు నుంచి పొగ ఎటు పోతుందో చూడాలనిపించింది. నోము వత్తులు ముందుగా ముట్టించకూడదు. వత్తులకు తెచ్చిన పత్తి ఇంకా కొంచెం బస్తాలో మిగిలి ఉంది. దానితో నాలుగు వత్తులు చేసి, ఒక దీపంతలో నెయ్యి వేసి, పడమటి గోడ మీద వెలిగించాను.

ఆ గోడకు అవతల బట్టల దుకాణం వాళ్ళ ఇల్లు. ఆ ఇంటామె అత్తమ్మను అక్కా అని, అత్తమ్మ ఆమెను చెల్లె అని పిలుచుకునేవారు. నేను చిన్నత్త అనేదాన్ని. అయితే ఏడాదిగా ఆ పిలుపులు లేవు. మా పెరట్లో మిరప బస్తాలు దులిపితే ఆ దుమ్ము తూర్పుగాలికి వాళ్ళ ఇంట్లో ఆరేసిన కొత్త చీరల మీద పడేది. "మీ మిర్చితోటి మా బట్టలు కొననీకి వచ్చినోళ్ళు తుమ్ముతాన్రు" అని ఆమె అన్నది. "మిర్చికి గాదు, మీరు చెప్పే ధరకు తుమ్ముతాన్రు" అని అత్తమ్మ అన్నది. ఆ నాటి నుంచి గోడకు ఇటు ఒకరు, అటు ఒకరు. నోముకు అక్క వెళ్ళి బొట్టు పెట్టి పిలిచినా వస్తానని అనలేదు, రానని అనలేదు.

నేను దీపం వెలిగించి ఎక్కువసేపు కాలేదు. గోడ అవతల ఒక తుమ్ము వినబడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వరుసగా తుమ్ములు. చిన్నత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏందే పోరీ! పండుగ పూట పెరట్ల మిర్చి కాలవెడ్తాన్రా?"

"మిర్చి ఎక్కడిది చిన్నత్తా? నెయ్యి దీపం పెట్టిన, అంతే."

"నెయ్యా? నా కండ్లల్ల నీళ్ళు సూడు. నీకు తెలుస్తలేదా?"

నాకు నిజంగా తెలియడం లేదు. అక్కను పిలిచాను. అక్క దీపం మీదికి వంగి గట్టిగా వాసన పీల్చి, "మంచి నెయ్యే గదా" అన్నది. చిన్నత్త మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, "మీ ముక్కులు మీ మామ బస్తాలల్ల కుట్టేసిండు" అన్నది.

ఆ మాటతో లోపలికి ఉరికాను. పత్తి బస్తా తెచ్చి తిరగేశాను. అడుగున కుట్ల సందుల్లో ఎర్రటి పొడి. పత్తి తెల్లగానే ఉంది. కాని విదిలిస్తే నా అరచేతి మీద కూడా సన్నటి ఎరుపు పడింది.

మామగారు వచ్చి చూశారు. వెనకటి వత్తులకు పత్తి అత్తమ్మ పుట్టింటి నుంచి వచ్చేది. చివరి రోజుల్లో అది అయిపోతే, మామగారు మిర్చితో పాటు తన కొట్టుకు వచ్చిన పత్తిలో పొడవాటి పీచున్నది ఏరి, ఒక ఖాళీ బస్తాలో పోసి తెచ్చి ఇచ్చారు. మా ఇంట్లో ఖాళీ బస్తా అంటే ఏ బస్తా అవుతుంది? అత్తమ్మకు చూపు లేదు. మాకు ముక్కు లేదు.

"పత్తి తెల్లగనే ఉండె గద. మంచిదని ఏరి ఏరి తెచ్చిన" అన్నారు మామగారు. తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని బావి గట్టు మీద కూర్చుండిపోయారు. అంత ఆర్భాటపు మనిషి అంత చిన్నగా కనబడడం నేను మళ్ళీ చూడలేదు.

చుట్టాలు సాయంత్రానికి వచ్చేస్తారు. ఆ వత్తులు వెలిగితే పెరడంతా గొంతు పట్టే మిర్చి కోరు లేస్తుంది. నోము ముందు ఒకరు తుమ్మితేనే అపశకునమంటారు. దానికన్నా పెద్ద భయం అత్తమ్మ కంటి గురించి. ఆమె ముక్కు కూడా మాలాగే చచ్చింది గాని, పచ్చి కంటికి ఆ పొగ తగిలితే ఊరుకుంటుందా? దగ్గు వస్తే? చెయ్యి దానంతట అదే పోయి కన్ను నలిపితే? నోము ఆపితే ఆమె మనసు విరుగుతుంది. ఆపకపోతే కన్ను పోవచ్చు. ఆమెకు చెప్పకుండా బజారు నుంచి వేరే వత్తులు తెప్పించి వెలిగిద్దామా అన్నది అక్క గుసగుసగా.

"నా కన్ను కోసిన్రు గని చెవులు కొయ్యలేదే" అని లోపలి నుంచి అత్తమ్మ గొంతు వినబడింది.

మేము లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాము. మామగారు గడప దగ్గరే ఆగిపోయారు. ఆమె ఆయన అడుగుల చప్పుడు పట్టి, "అట్ల నిలవడకు. నువ్వు మిర్చి దుకాణపాయనవని తెలిసే చేసుకున్న. మల్లెపూలు తెస్తవనుకున్ననా?" అన్నది. మామగారి గొంతులో నవ్వు లాంటిదేదో వచ్చి ఆగింది. తర్వాత ఆమె మా వైపు తిరిగింది.

"అన్ని వత్తులు గట్ల లేవు. పుట్టింటి పత్తివి మంచియే. మిర్చి పత్తివి వేరే తియ్యుండ్రి. పారెయ్యద్దు. గవ్వి కండ్లు లేనప్పుడు చేసిన. గవ్వే నేను సూడాలె."

ఎలా వేరు చేయడం? అన్నీ ఒకే తీరు కట్టలు, ఒకే దారంతో కట్టినవి. చూస్తే తేడా లేదు. వాసన చూసి చెప్పాలి. వాసన తెలిసిన మనిషి మా ఇంట్లో లేదు.

నేను గోడ దగ్గరికి వెళ్ళాను. చిన్నత్త ఇంకా అక్కడే ఉంది. అన్నీ వినే ఉంది.

"చిన్నత్తా, జర నీ ముక్కు కావాలె" అన్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. ఏడాది మాటలు ఆ క్షణంలో ఆమెకు గుర్తుకు వచ్చి ఉంటాయి. తర్వాత, "తుమ్మి తుమ్మి నేను పోతే మీదే పాపం" అని సందు తిరిగి మా ఇంటికి వచ్చింది.

అత్తమ్మ గదికి దూరంగా, కొట్టు అవతలి నీడలో పీట వేశాము. నేను కట్ట అందించడం, ఆమె ముక్కు దగ్గర పెట్టుకోవడం. తుమ్మితే ఎడమ గంప, తుమ్మకపోతే కుడి గంప. మొదట్లో మేమందరం ఊపిరి బిగబట్టుకుని చూశాము. తర్వాత నవ్వు ఆగలేదు. ఆమె ముక్కు తన దుకాణంలోని ఎర్ర చీరంత ఎర్రగా అయింది. పంతులు వచ్చి ఈ సంత చూసి గుమ్మంలోనే ఆగాడు.

"తుమ్ముల మీద నోము జరుగుతాంది పంతులూ, ఏమన్న దోషమా?" అని అక్క అడిగింది.

"ఒక్క తుమ్ముకు శకునం ఉంది, రెండింటికి ఉంది. గిన్నిటికి శాస్త్రంల లేదమ్మా. కానియ్యుండ్రి" అన్నాడు.

కుడి గంప నిండింది. ఎడమ గంపలో తక్కువే పడ్డాయి గాని, అవే అత్తమ్మ అడిగినవి. ఆ వత్తులు ఎంత సన్నగా ఉన్నాయో అప్పుడు చూశాను. అన్నీ ఒకే పొడవు, ఒకే బిగువు. జల్లెట్లో వేసి దులిపితే చాలా పొడి రాలింది. మిగిలింది ఉండనే ఉంది. కార్తీకపు సాయంత్రాలు మా పెరట్లో గాలి తూర్పు నుంచి పడమటికి వీస్తుంది. అరుగు తూర్పున ఉంది. ఎడమ గంప వత్తులు పడమటి గోడ చివర, బావి అవతల పెడితే పొగ గోడ దాటి పోతుంది. ఎక్కడికి పోతుందంటే, నేరుగా చిన్నత్త ఇంట్లోకి. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమే గోడ వైపు చూసి గ్రహించింది.

"కిటికీలు మూసి వస్త. ఇయ్యాల్టికి మా ఇల్లు తుమ్మితే తుమ్మనీ" అన్నది. ఇంట్లో వాళ్ళను దుకాణానికి పంపి, బట్టలన్నీ పెట్టెల్లో పెట్టించి, స్నానం చేసి, మంచి చీర కట్టుకుని వచ్చింది. అత్తమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని, "అక్కా, నా ముక్కు జర గెలికిందంటే నిన్ను లోపలికి గుంజుకపోత. నోము గీము అనద్దు" అన్నది.

"నీ ముక్కు మీద నాకు భరోసా ఉంది చెల్లె. ఏడాది సంది మస్తు విన్న" అన్నది అత్తమ్మ.

పొద్దు గూకింది. చుట్టాలు వచ్చారు. ముగ్గు గీతల మధ్య నుంచి నడిచి వచ్చి, చాటల కింద వరుసలుగా కూర్చున్నారు. ఉత్తరం గోడ పొడవునా ధోవతుల వెనుక వెలుగు తెల్లగా నిలబడింది. గ్యాసు బత్తీలు ఏవని ఎవరూ అడగలేదు. అందరూ ఎందుకో మెల్లగా మాట్లాడుకున్నారు.

పంతులు మంత్రం చదువుతుండగా మొదట కుడి గంప వత్తులు వెలిగించాము. గోడ మీద ఒక్కొక్కటే పసుపుపచ్చగా అంటుకున్నాయి. తర్వాత నేనూ అక్కా బావి అవతలికి పోయి, తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని చీకట్లో చేసిన వత్తులు ముట్టించాము. చచ్చిన ముక్కే అయినా నా కళ్ళు మండాయి. పొగ లేచి, గోడ దాటి, పడమటికి వంగింది. మేము గాలికి ఎదురుగా వెనక్కి వచ్చాము.

అంతలో గాలి ఆగింది.

ధోవతులు కదలడం మానేశాయి. పొగ నిట్టనిలువుగా లేచి, ఎటు పోవాలో తెలియనట్టు మెల్లగా అరుగు వైపు తిరగసాగింది. చిన్నత్త వీపు నిటారుగా అయింది. ఆమె చెయ్యి అత్తమ్మ చేతి మీద పడింది. నాకు ఏ మంత్రమూ గుర్తు రాలేదు. తల్లీ, తల్లీ అని మాత్రం అనుకున్నాను. మామగారు వరుసల మధ్య నిలబడి, కండువా తీసి గాలిని అటే తరుముతున్నట్టు విసరసాగారు. చుట్టాలు దోమలనుకున్నారు. ఉత్తరం గోడకు కట్టిన ధోవతి అంచు ఒకటి కదిలింది. తర్వాత అన్నీ కదిలాయి. పొగ తలవంచి గోడ దాటింది. చిన్నత్త చెయ్యి తీయలేదు గాని, భుజాలు దిగాయి.

"ఇప్పుడు సూడు అక్కా" అన్నది.

అత్తమ్మ ఆకుపచ్చ గుడ్డ ఎత్తింది. గోడ ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తల తిప్పింది. ఆమె చూపు ఇంకా మసకే. కళ్ళద్దాలు రాలేదు. ఏం కనబడుతున్నదో మాకు తెలియదు.

"బంతి తోట" అన్నది. "గోడ పొడుగూత బంతి తోట. బాయి అవుతల ఉన్నయి, జర ఎర్రగున్నయి, గవ్వేనా నావి?"

"అవే అత్తమ్మా."

ఆమె చేతులు జోడించింది. తుమ్మలేదు, దగ్గలేదు, కన్ను నలపలేదు. చూసినంతసేపు చూసి, తనంతట తానే గుడ్డ దించుకుని, "ఇగ చాలు. డాక్టరు మాట తప్పద్దు. అందరికి బువ్వ వెట్టుండ్రి" అన్నది. చిన్నత్త ఆమెను లోపలికి నడిపించింది. గడప దాటాక చిన్నత్త పొట్ట పట్టుకుని ఆపుకున్న తుమ్ము ఒకటి బజారంతా వినబడేలా తుమ్మింది. భోజనాల వరుసల్లో నవ్వులు లేచాయి. మామగారు మాత్రం నవ్వలేదు. కండువాతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయారు.

అయినా ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. పొగ కొంచెమైనా తగిలి ఉంటుందా? మంట ఎక్కువైందా? పొద్దున్నే గుడ్డ తీస్తే కన్ను ఎర్రబడి ఉంటే? తెల్లవారి అత్తమ్మను చెయ్యి పట్టుకుని వెనుక అరుగు మీదికి తీసుకువచ్చాను. ఎండ ఇంకా రాలేదు. ఆమె గుడ్డ ఎత్తి పెరటి వైపు ముఖం తిప్పింది. కన్ను తెల్లగా, తేటగా ఉంది. కాని ఆ కంటికి ఏం కనబడుతున్నదో? 

"ఏందది?" అన్నది కోపంగా.

"ఏది అత్తమ్మా?"

"గోడకు. బాయి అవుతల గోడకు నల్లగ. మసేనా అది? మంచిగ సున్నం వేసిన గోడను గిట్ల చేసిన్రా? చాట్లు అట్లనే వేలాడుతున్నయి. పండుగైతే అయింది, పొద్దుగాల లేచి గోడ కడగాలని తెల్వదా ఇద్దరికి?"

నేను ఆమె చెయ్యి మెల్లగా వదిలి, బావి దగ్గరికి వెళ్ళి, గట్టు పట్టుకుని నిలబడ్డాను. కళ్ళ నీళ్ళు ఆగలేదు. బిందెతో వచ్చిన అక్క కంగారుపడింది.

"ఏమైందే? కన్ను ఎట్లున్నది? ఏమన్నది?"

"తిట్టింది."

"ఏమని తిట్టింది?"

"గోడకు మసి ఉన్నదట."

అక్క ఆ గోడ వైపు చూసింది. అరుగు వైపు చూసింది. అంత దూరం నుంచి కనబడిందన్నమాట. బిందె అక్కడే దించి, మామగారికి చెప్పడానికి దుకాణం వైపు ఉరికింది. గోడ అవతల చిన్నత్త కిటికీలు ఒక్కొక్కటే తెరుస్తున్న చప్పుడు, వాటి వెంట తుమ్ములు వినబడుతున్నాయి. నేను చీపురు, నీళ్ళు తీసుకుని గోడ దగ్గరికి నడిచాను. తిట్లు వెనుక నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి.